ఇంకో వంద అడుగులు దిగితే ఏం?

సంక్రాంతికి రెండు రోజుల ముందు మాట అనుకోండి. భిలాయిలోని ఖుర్సీపార్‌లో ఉదయం ఏడున్నరైనా పొగమంచు విడలేదు. ఉక్కు కర్మాగారంలో పనికని శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఒక పెద్దాయన, హైదరాబాదు నుంచి విమానంలో వస్తున్న కొడుకు కోసం రాయపూర్ వెళ్లాడు. విమానాశ్రయం బయట నిలబడి ఉండగా పైన ఇంజన్ల చప్పుడు వినిపించింది. అది దగ్గరైంది. వచ్చేసింది అనుకునేలోగా హోరు ఒక్కసారిగా పెరిగి, దూరమైపోయింది. కాసేపటికి మళ్లీ అదే తంతు. ఆ తరువాత, విమానం నాగపూర్‌కు మళ్లిపోయిందని చెప్పారు.

రాత్రికి ఇల్లు చేరిన కొడుకును ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది: "రన్‌వే నెత్తిమీదికొచ్చి వెనక్కెళిపోడవేటిరా? ఇంకో వందడుగులు దిగితే కనపడిపోను గదా!"

ఇలాంటి అనుభవం మీకూ ఎదురై ఉండవచ్చు. ప్రశ్న సమంజసంగానే కనిపిస్తుంది. విమానం అంత దూరం వచ్చింది, రన్‌వే అక్కడే ఉంది, మబ్బు దాటడానికి మరి కాస్త దిగితే చాలు. ఇదే ప్రశ్న పైలట్ మనసులోనూ మెదులుతుంది. ఆ ప్రశ్నకు లొంగి "మరి కాస్త" దిగిన విమానాలు కొన్ని నేలను, చెట్లను, కొండలను ఢీకొన్నాయి. అందుకే పైలట్లకు ఒక గీత గీసి ఇచ్చారు. దాని పేరు మినిమమ్ డిసెంట్ ఆల్టిట్యూడ్, అంటే దిగదగిన కనిష్ఠ ఎత్తు. క్లుప్తంగా ఎం.డి.ఎ. అంటారు. ఆ గీత ఎక్కడ నుంచి వచ్చింది, దాని కింద ఉన్న ఖాళీ ఎవరిది అన్నది తెలిస్తే పెద్దాయన ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

వాలుబల్ల, మేడమెట్లు

బయట ఏమీ కనిపించనప్పుడు విమానాన్ని పరికరాల సాయంతో రన్‌వే దాకా తీసుకురావాలి. ఇందుకు రెండు రకాల పద్ధతులున్నాయి.

మొదటిది ఐ.ఎల్.ఎస్. అనే పద్ధతి. రన్‌వే దగ్గర రెండు రేడియో ప్రసారిణులు ఉంటాయి. ఒకటి లోకలైజర్, విమానం రన్‌వే మధ్యగీతకు కుడికి పోతోందో, ఎడమకు పోతోందో చెబుతుంది. రెండోది గ్లైడ్ స్లోప్. దిగవలసిన వాలుకు పైన ఉన్నదో, కింద ఉన్నదో చెబుతుంది. ఆ వాలు సాధారణంగా 3 డిగ్రీలు. చీకట్లో వాలుబల్ల మీద, దాని రెండు అంచులూ పట్టుకుని జారినట్టు విమానం ఈ కనపడని బల్ల వెంట దిగుతుంది. దీన్ని ప్రిసిషన్ అప్రోచ్ అంటారు.

అన్ని విమానాశ్రయాలకూ ఈ సౌకర్యం ఉండదు. ఉన్నచోట కూడా రన్‌వే రెండు చివరల్లో ఒకదానికే ఉండవచ్చు. ఉన్నదే మరమ్మతులో ఉండవచ్చు. అప్పుడు రెండో పద్ధతి తప్పదు. వి.ఓ.ఆర్. అనే రేడియో కేంద్రం దిక్కు చెబుతుంది, డి.ఎం.ఇ. దూరం చెబుతుంది. గ్లైడ్ స్లోప్ లేని ఒంటరి లోకలైజర్ కూడా ఈ కోవలోకే వస్తుంది. వీటిలో ఏదీ "నువ్వు సరైన ఎత్తులో ఉన్నావా" అన్న ప్రశ్నకు జవాబు చెప్పదు. దీనిని నాన్ ప్రిసిషన్ అప్రోచ్ అంటారు. ఇక్కడ ఎత్తు సంగతి పైలట్ తానే చూసుకోవాలి. ఆయన చేతిలో ఉన్నవి ఆల్టీమీటర్, గడియారం, ఒక చార్టు మాత్రమే.

ఆ చార్టులో ఎత్తులు మేడమెట్లలా ఉంటాయి. ఫలానా దూరం వరకు ఇంతకంటే కిందికి రాకూడదు, అది దాటాక ఇంకో మెట్టు దిగవచ్చు, ఇలా సాగుతుంది. అన్నిటికంటే కింది మెట్టే ఎం.డి.ఎ. చీకట్లో మెట్లు దిగేవాడు ఒక్క మెట్టు లెక్క తప్పినా ఏమవుతుందో మనకు తెలుసు.

1996లో ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ ప్రచురించిన ఒక అధ్యయనం, ప్రిసిషన్ అప్రోచ్‌తో పోలిస్తే నాన్ ప్రిసిషన్ అప్రోచ్‌లో ప్రమాదావకాశం సుమారు 5 రెట్లు ఎక్కువని తేల్చింది. విమానం అదే, పైలట్ కూడా ఆయనే. లేనిది వాలుబల్ల ఒక్కటే.

గీత ఎలా గీస్తారు?

ఎం.డి.ఎ.ను పైలట్ నిర్ణయించడు. అప్రోచ్ మార్గాన్ని రూపొందించే నిపుణులు లెక్కగట్టి చార్టులో అచ్చువేస్తారు. లెక్క సూత్రం తేలికే. విమానం చివరి దశలో ప్రయాణించే దారి కింద, దానికి రెండు పక్కలా కొంత వెడల్పు మేర, నేల మీద ఉన్నవన్నీ చూస్తారు. కొండ, చిమ్నీ, నీళ్ల ట్యాంకు, టీవీ టవరు, హైటెన్షన్ స్తంభం, చెట్టు ఏదైనా కావచ్చు. వాటిలో అన్నిటికంటే ఎత్తైనదాన్ని పట్టుకుని, దాని పైన కొంత ఖాళీ వదిలి గీత గీస్తారు. చివరి దశ ఎక్కడ మొదలవుతుందో స్పష్టంగా గుర్తించే స్థానం ఉంటే, అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమాల ప్రకారం ఆ ఖాళీ కనీసం 75 మీటర్లు, అంటే 246 అడుగులు. అలాంటి స్థానం లేకపోతే 90 మీటర్లు.

ఒక లెక్క చేసి చూద్దాం. ఇది అర్థం కావడానికి వేసుకున్న ఊహాలెక్క మాత్రమే. ఏ విమానాశ్రయపు చార్టూ కాదు. విమానాశ్రయం సముద్రమట్టానికి 1,040 అడుగుల ఎత్తున ఉందనుకుందాం. చివరి దారిలో ఒక చిమ్నీ కొన సముద్రమట్టానికి 1,200 అడుగుల ఎత్తున ఉంది. దానికి 246 కలిపితే 1,446. పైకి సవరిస్తే 1,450 అడుగులు. ఇదే ఎం.డి.ఎ. ఇది సముద్రమట్టం నుంచి కొలిచిన ఎత్తు. రన్‌వే నేల నుంచి చూస్తే విమానం 410 అడుగుల పైన ఉంటుంది.

భిలాయి వాసులకు చిమ్నీలు కొత్త కాదు. విమానాశ్రయాల చుట్టుపక్కల భవనాలకు, చిమ్నీలకు, టవర్లకు ఎత్తు అనుమతి ఎందుకు కావాలో ఈ లెక్కలోనే తెలుస్తుంది. ఒక కొత్త స్తంభం మరో 100 అడుగులు పైకి లేస్తే ఎం.డి.ఎ. కూడా అంత మేరకు లేవాల్సి రావచ్చు. అప్పుడు పొగమంచు రోజున దిగగలిగే విమానాల సంఖ్య తగ్గుతుంది.

246 అడుగులు ఎవరివి?

పెద్దాయన అడిగిన వంద అడుగులు ఈ 246 అడుగుల్లోవే. అంత ఖాళీ ఉన్నప్పుడు అందులో వంద వాడుకుంటే తప్పేమిటి? తప్పేమిటంటే, ఆ ఖాళీ అప్పటికే ఖర్చయిపోయి ఉండవచ్చు. ఎంత ఖర్చయిందో ఆ క్షణాన పైలట్‌కు తెలియదు.

ఆల్టీమీటర్ నిజానికి ఎత్తును కొలవదు; గాలి పీడనాన్ని కొలుస్తుంది. పైకి పోయిన కొద్దీ పీడనం తగ్గుతుంది కనుక, ఆ తగ్గుదలను ఎత్తుగా మార్చి చూపిస్తుంది. అయితే ఒకే చోట పీడనం రోజుకో తీరుగా, పూటకో తీరుగా మారుతుంది. అందుకని విమానాశ్రయం వారు ఆ సమయానికి సముద్రమట్టానికి సవరించిన పీడనాన్ని రేడియోలో చెబుతారు. పైలట్ ఆ అంకెను ఆల్టీమీటర్‌లో తిప్పి పెట్టుకోవాలి. ఈ అంకెలో ఒక్క హెక్టోపాస్కల్ తేడా వస్తే ఎత్తులో సుమారు 28 అడుగుల తేడా వస్తుంది. 10 హెక్టోపాస్కల్ తేడా అంటే 280 అడుగులు. మనం చెప్పుకున్న 246 అడుగులూ దానికే సరిపోవు.

ఉష్ణోగ్రత సంగతి మరొకటి. చల్లని గాలి దగ్గరగా ముడుచుకుంటుంది కనుక చలిలో విమానం ఆల్టీమీటర్ చూపిన దానికంటే కింద ఉంటుంది. ప్రామాణిక ఉష్ణోగ్రత కంటే ప్రతి 10 డిగ్రీలకు సుమారు 4 శాతం తేడా వస్తుందని పైలట్లు గుర్తు పెట్టుకుంటారు. మైనస్ 30 డిగ్రీల చలిదేశంలో ఈ తేడా దాదాపు ఐదోవంతు. మన రాయపూర్ ప్రాంతంలో మే నెల ఎండలో జరిగేది దీనికి తలకిందులు. 43 డిగ్రీల వేడిలో ఆల్టీమీటర్ నేల నుంచి 410 అడుగులు అన్నప్పుడు విమానం నిజంగా 460 అడుగుల చేరువలో ఉంటుంది. ఆ రోజు ఖాళీ పెరుగుతుంది. కానీ జనవరి పొగమంచులో ఆ అదృష్టం లేదు.

మూడోది, విమానపు బరువు తెచ్చే చిక్కు. దిగుతున్న విమానాన్ని పైకి లేపాలంటే ఇంజన్లు పుంజుకోవాలి, ముక్కు పైకి ఎత్తాలి. ఈలోగా అది మరికొన్ని అడుగులు కిందికి జారుతుంది. ఇక్కడే ఎం.డి.ఎ.కు, ఐ.ఎల్.ఎస్.లో వాడే డిసిషన్ ఆల్టిట్యూడ్‌కు తేడా ఉంది. డిసిషన్ ఆల్టిట్యూడ్ నిర్ణయం తీసుకునే చోటు. అక్కడ "లేదు, పైకి" అని నిర్ణయించాక విమానం కాస్త కిందికి జారుతుందని ముందే లెక్కలో వేసుకుంటారు. ఎం.డి.ఎ.లో ఆ వెసులుబాటు లేదు. అది నేల వంటిది. రన్‌వే కనిపించనంత వరకు దానికి కిందికి ఒక్క అడుగు కూడా పోకూడదు.

ఇప్పుడు కాలం లెక్క చూద్దాం. 120 నాట్ల వేగంతో, అంటే గంటకు 222 కిలోమీటర్ల వేగంతో వచ్చే విమానం సెకనుకు 62 మీటర్లు ముందుకు పోతుంది. 3 డిగ్రీల వాలులో సెకనుకు సుమారు 10 అడుగులు దిగుతుంది. కాబట్టి "ఇంకో వంద అడుగులు" అంటే 10 సెకన్లు. 246 అడుగుల ఖాళీ మొత్తం పాతిక సెకన్లు కూడా కాదు.

ఏం కనిపిస్తే దిగవచ్చు?

ఎం.డి.ఎ. కిందికి దిగాలంటే రెండు షరతులు ఒకేసారి నెరవేరాలి. ఒకటి, రన్‌వేకు సంబంధించిన గుర్తుల్లో కనీసం ఒకటి స్పష్టంగా కనిపించాలి, అది ఫలానాది అని గుర్తుపట్టగలగాలి. అప్రోచ్ దీపాలు, రన్‌వే మొదలు, దాని మీది గీతలు, పక్క దీపాలు, వాలు సరిగా ఉందో లేదో ఎరుపు తెలుపు రంగుల్లో చూపే దీపాలు ఇలాంటివి. రెండు, అక్కడి నుంచి మామూలు వేగంతో, మామూలుగా మలుపులు తిప్పుతూ దిగగలిగే స్థితిలో విమానం ఉండాలి.

మబ్బు సందులోంచి నేల కనిపించడం రన్‌వే కనిపించడం కాదు. పొలం కనిపించవచ్చు, చెరువు కనిపించవచ్చు. వరసగా వెలుగుతున్న దీపాలు కనిపించవచ్చు, అవి జి.ఇ. రోడ్డు లాంటి హైవే దీపాలు కావచ్చు, రైల్వే యార్డు దీపాలు కావచ్చు. రాత్రిపూట ఉక్కు ఊళ్లలో కొలిమి వెలుగు మబ్బు మీద పడి ఆకాశమే ఎర్రబడుతుంది. "ఏదో వెలుగు కనపడింది" అన్నది ఈ నియమం దృష్టిలో ఏమీ కనపడనట్టే లెక్క.

రెండో షరతు ఎందుకు? మన ఊహాలెక్కలో విమానం 410 అడుగుల ఎత్తున సమంగా వస్తోంది. 3 డిగ్రీల వాలులో దిగాలంటే రన్‌వేకు రెండు కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనే దిగడం మొదలుపెట్టాలి. ఆ చోటు దాటిపోయి, కిలోమీటరు దూరంలో హఠాత్తుగా రన్‌వే కనిపించిందనుకోండి. అప్పుడు దిగాలంటే వాలు 7 డిగ్రీలు, నిమిషానికి 1,500 అడుగుల పైన దూకాలి. మామూలు వేగానికి ఇది రెండింతల పైమాట. రన్‌వే కళ్లెదుటే ఉన్నా అక్కడ దిగడం నియమ విరుద్ధం. ఎం.డి.ఎ.తో పాటు కనీస దృశ్యదూరాన్ని కూడా చార్టులో ఎందుకు వేస్తారో ఇక్కడ బోధపడుతుంది.

ఇక మిస్డ్ అప్రోచ్ పాయింట్ అని మరో స్థానం ఉంటుంది. అక్కడికి చేరేసరికి పై రెండు షరతులూ నెరవేరకపోతే పైకి లేవాల్సిందే. ఒకవేళ ముందుగానే లేచినా, చార్టులో చెప్పిన మలుపును ఆ స్థానం దాటకుండా తిరగకూడదు. పక్కన ఏ కొండ ఉందో ఎవరికి తెలుసు? ఆ ఉదయం రాయపూర్‌లో పెద్దాయనకు వినిపించిన హోరు ఇదే. ఆయన చెవికి అది అపజయంలా తోచింది. నిజానికి అది చార్టు ప్రకారం సక్రమంగా జరిగిన పని.

అహ్మదాబాద్, 1988

అహ్మదాబాద్ పేరు చెప్పగానే 2025 జూన్ 12 నాటి ఘోరం గుర్తుకొస్తుంది. అది బయలుదేరిన వెంటనే జరిగినది. ఇప్పుడు చెప్పుకునేది అంతకు ముప్పై ఆరేళ్ల నాటి మరో ప్రమాదం.

1988 అక్టోబరు 19. బొంబాయి నుంచి తెల్లవారుజామున బయలుదేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ 113వ నంబరు విమానం, బోయింగ్ 737, 135 మందితో అహ్మదాబాద్ చేరుకుంటోంది. గాలిలో పొగ, మసక. దూరం సరిగా కనిపించడం లేదు. పైలట్లు 23వ రన్‌వేకు లోకలైజర్, డి.ఎం.ఇ. ఆధారంగా నాన్ ప్రిసిషన్ అప్రోచ్ ఎంచుకున్నారు. ఎం.డి.ఎ. 500 అడుగులు.

కాక్‌పిట్ సంభాషణల రికార్డును బట్టి, పైలట్లు ఇద్దరూ రన్‌వే కోసం బయటికి వెతకడంలో పడ్డారని దర్యాప్తులో తేలింది. దిగుతున్నప్పుడు ఎత్తును పైకి చదివి చెప్పుకోవాలి, అది జరగలేదు. రన్‌వే కనపడకుండానే విమానం 500 అడుగుల గీత దాటి కిందికి వచ్చేసింది. రన్‌వేకు సుమారు రెండున్నర కిలోమీటర్ల దూరంలో, చిలోడా కోతర్‌పూర్ గ్రామం దగ్గర చెట్లను, హైటెన్షన్ స్తంభాన్ని ఢీకొంది. 133 మంది మరణించారు.

ఆ విమానంలో చెడిపోయిన భాగం ప్రమాదానికి కారణం కాదు. ఇద్దరు మనుషుల నాలుగు కళ్లూ ఒకే పని మీద ఉండడం, ఆల్టీమీటర్ మీద ఒక్క కన్నూ లేకపోవడం కారణమైంది. ఇప్పటి పద్ధతిలో పని పంపకం స్పష్టంగా ఉంటుంది. ఒకరు విమానం నడుపుతారు, మరొకరు గమనిస్తారు. ఎం.డి.ఎ. వస్తోందని ముందే హెచ్చరిస్తారు. చేరాక "మినిమమ్స్" అని పైకి అంటారు. జవాబుగా రావలసిన మాటలు రెండే: దిగుతున్నాం, లేదా పైకి పోతున్నాం. "ఉండు, చూద్దాం" అన్న మూడో జవాబుకు తావు లేదు.

వాతావరణం మరీ బాగోలేనప్పుడు పైలట్‌ను ఈ ఆశకు దూరంగా ఉంచడానికి ఇంకో నియమం కూడా ఉంది. నివేదిత దృశ్యదూరం కనీస హద్దు కంటే తక్కువగా ఉంటే, విమానాశ్రయ మట్టానికి 1,000 అడుగుల పైనుంచి కిందికి అప్రోచ్ కొనసాగించనే కూడదు.

మెట్టు తప్పిన గువామ్

పసిఫిక్ మహాసముద్రంలోని గువామ్ దీవిలో 1997 ఆగస్టు 6న జరిగిన ప్రమాదం మేడమెట్ల చిక్కును చూపిస్తుంది. సియోల్ నుంచి 254 మందితో వచ్చిన కొరియన్ ఎయిర్ 747 విమానం రాత్రివేళ వానలో దిగుతోంది. ఐ.ఎల్.ఎస్.లో గ్లైడ్ స్లోప్ భాగం మరమ్మతులో ఉంది. లోకలైజర్ ఒక్కటే దారి. ఆ చార్టులో, వి.ఓ.ఆర్. కేంద్రం దాటే దాకా 1,440 అడుగుల కిందికి రాకూడదు. దాటాక ఎం.డి.ఎ. 560 అడుగులు. ఆ కేంద్రం రన్‌వే దగ్గర లేదు, 3.3 నాటికల్ మైళ్ల ముందు, నిమిట్జ్ కొండ మీద ఉంది.

విమానం ఆ కొండనే ఢీకొంది, సుమారు 660 అడుగుల ఎత్తున. 228 మంది మరణించారు. 560 అంకె తప్పు కాదు. దాన్ని వాడవలసిన చోటు ఇంకా రాలేదు. కెప్టెన్ ఈ అప్రోచ్‌ను ముందుగా సరిగా వివరించుకోకపోవడం, సరిగా నడపకపోవడం, మిగతా ఇద్దరు సిబ్బంది గట్టిగా సరిచూడకపోవడం కారణాలని అమెరికా దర్యాప్తు సంస్థ తేల్చింది. కెప్టెన్ అలసట, నాన్ ప్రిసిషన్ అప్రోచ్‌లలో చాలీచాలని శిక్షణ కూడా తోడయ్యాయని చెప్పింది. నేల దగ్గర పడుతోందని కంట్రోలర్‌ను హెచ్చరించే ఏర్పాటు కూడా ఆ రోజు పనిచేసే స్థితిలో లేదు.

మెట్లను వాలుగా మార్చారు

ఇలాంటి ప్రమాదాల తరువాత నిపుణులు ఒక సంగతి గ్రహించారు. మెట్టు మెట్టుగా దిగడంలో పైలట్ చేయవలసిన పనులు ఎక్కువ. గబగబా దిగి సమం చేయాలి, ఇంజన్లు పెంచాలి, మళ్లీ దిగాలి, మళ్లీ సమం చేయాలి. నేలకు చేరువలో, ఏమీ కనపడనప్పుడు, ఇన్నిసార్లు ఇన్ని మార్పులు! అందుకని చార్టులోని మెట్లన్నిటికీ పైగా పోయేలా ఒకే వాలును లెక్కగట్టి, ఆ వాలులోనే ఆగకుండా దిగే పద్ధతి వచ్చింది. నేడు ప్రయాణికుల విమానాల్లో ఇదే ప్రధానం.

లెక్క చేతివేళ్ల మీద చేసుకోవచ్చు. 3 డిగ్రీల వాలులో ప్రతి నాటికల్ మైలుకు సుమారు 320 అడుగులు దిగుతాం. రన్‌వే మొదలుకు 4 మైళ్ల దూరంలో సుమారు 1,300 అడుగులు, 3 మైళ్లకు 1,000, 2 మైళ్లకు 690 అడుగులు నేలకు పైన ఉండాలి. ప్రతి మైలుకూ సరిచూసుకుంటే తప్పు పెరగక ముందే దొరుకుతుంది. దిగే వేగం కావాలంటే విమానం నేల మీద పోయే వేగాన్ని 5తో గుణించాలి. 140 నాట్లకు నిమిషానికి 700 అడుగులు.

ఈ పద్ధతిలో ఎం.డి.ఎ. దగ్గర సమం చేసి ముందుకు సాగడం ఉండదు. రన్‌వే కనపడకపోతే పైకే. అయితే లేచేటప్పుడు జారే అడుగులు గీత కిందికి పోకూడదు కనుక, చాలా సంస్థలు ఎం.డి.ఎ.కు 50 అడుగుల వంటి మొత్తం కలిపి, ఆ ఎత్తులోనే నిర్ణయం తీసుకోమంటాయి.

ఏ పద్ధతి అయినా అంకెను సరైన కిటికీలో పెట్టడం మనిషి పనే. 1990 ఫిబ్రవరి 14న బెంగుళూరు పాత విమానాశ్రయంలో రన్‌వే కనబడుతుండగానే ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏ-320 విమానం గోల్ఫ్ మైదానంలో నేలను తాకింది. 146 మందిలో 92 మంది మరణించారు. నిమిషానికి 700 అడుగులు దిగాలని వేగం మీట తిప్పబోయి, పక్కనున్న ఎత్తు మీటను 700 అడుగులకు తిప్పి ఉంటారన్నది దర్యాప్తులో బలంగా ముందుకొచ్చిన వివరణ. ఆ విమానాశ్రయమే సముద్రమట్టానికి సుమారు 2,900 అడుగుల ఎత్తున ఉంది! ఇంజన్లు మందగించి, విమానం ఉండవలసిన దానికంటే వేగంగా దిగిపోయింది.

ఒక్క అంకె తేడా

ఇవన్నీ పాత కథలు, ఇప్పుడు కంప్యూటర్లు వచ్చాయి కదా అనుకోవచ్చు. 2022 మే 23న పారిస్‌లోని చార్ల్స్ ద గాల్ విమానాశ్రయంలో ఐ.ఎల్.ఎస్. పనిచేయడం లేదు. స్టాక్‌హోం నుంచి వచ్చిన ఏ-320 విమానం ఉపగ్రహాల సాయంతో దిక్కును, ఆల్టీమీటర్ సాయంతో వాలును లెక్కగట్టుకుంటూ దిగుతోంది. అసలు పీడనం 1001 హెక్టోపాస్కల్. కంట్రోలర్ పొరపాటున 1011 అని చెప్పారు. పైలట్ అదే తిరిగి చెప్పారు, అదే పెట్టుకున్నారు.

ఇంకేముంది, పరికరాలన్నీ సవ్యంగానే కనిపించాయి. విమానం సరైన వాలులోనే ఉందని కంప్యూటర్ చూపింది. నిజానికి అది 280 అడుగులు కింద ఉంది. వానలో రన్‌వే కనిపించక పైలట్లు నియమం ప్రకారం పైకి లేచారు. ఆ లేచే క్షణంలో విమానం నేలకు కేవలం 6 అడుగుల ఎత్తుకు వచ్చిందని, అప్పటికి రన్‌వే ఇంకా సుమారు కిలోమీటరున్నర దూరంలో ఉందని ఫ్రాన్స్ దర్యాప్తు సంస్థ తేల్చింది. లోపలున్నవారికి ఆ సంగతి అప్పుడు తెలియదు.

ఆ పైలట్లు "ఇంకో పది అడుగులు చూద్దాం" అనుకుని ఉంటే? ఈ సంఘటనను పెద్దాయనకు చెబితే చాలు. వారి ఆల్టీమీటర్ ప్రకారం నేల ఇంకా చాలా దూరం. ఖాళీ అంతా ఒక్క అంకె తేడాలో అప్పటికే ఖర్చయిపోయింది.

గగన్ సాయం

మన దేశంలో చిన్న విమానాశ్రయాలు పెరుగుతున్నాయి. అన్నిచోట్లా ఐ.ఎల్.ఎస్. పెట్టడం ఖర్చుతో కూడిన పని. దీనికి ఇస్రో, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి తయారుచేసిన పరిష్కారం గగన్. జి.పి.ఎస్. సంకేతాల్లోని తప్పులను నాగపూర్‌తో సహా దేశంలోని 15 నిర్దేశ కేంద్రాలు కొలుస్తాయి. ఆ సవరణలు భూస్థిర ఉపగ్రహాల ద్వారా విమానానికి చేరతాయి.

ఇది చెప్పినంత తేలిక కాలేదు. అయస్కాంత భూమధ్యరేఖ మన దక్షిణాది మీదుగా పోతుంది. తుంబాను రాకెట్ కేంద్రంగా ఎంచుకోవడానికి కారణం అదే. ఈ ప్రాంతంలో పైవాతావరణంలోని అయనోస్ఫియర్ చంచలంగా ఉండి జి.పి.ఎస్. సంకేతాలను ఎక్కువగా ఆలస్యం చేస్తుంది. దీన్ని లెక్కలోకి తీసుకునే పద్ధతి తయారుచేసుకున్నాక, 2015లో గగన్‌కు ఎత్తు విషయంలోనూ దారి చూపే సేవకు ధ్రువీకరణ లభించింది. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్ విమానాశ్రయంలో ఇండిగో ఏ.టి.ఆర్. విమానం గగన్ సాయంతో ప్రయోగాత్మకంగా దిగింది.

గగన్ ఇచ్చే వాలు పీడనం మీద ఆధారపడదు. ఎవరో 1001ని 1011 అన్నా వాలుబల్ల కదలదు. రన్‌వే దగ్గర ఐ.ఎల్.ఎస్. ప్రసారిణులు అక్కరలేదు. అందుకు తగిన పరికరాలు విమానంలో ఉండాలి, శిక్షణ ఉండాలి, ఆ రన్‌వేకు చార్టు సిద్ధం కావాలి. ఇవి సమకూరే కొద్దీ చిన్న ఊళ్ల విమానాశ్రయాల్లోనూ మేడమెట్ల అవసరం తగ్గుతుంది. అప్పటికీ చివరి గీత ఒకటి ఉండనే ఉంటుంది. రన్‌వే కనపడకపోతే పైకి లేవాలన్న నియమమూ ఉంటుంది.

ఇక మన పెద్దాయన ప్రశ్నకు వద్దాం. ఆయన అడిగిన వంద అడుగులు పైలట్ దాచుకున్నవి కావు. ఆల్టీమీటర్ తప్పుకు, పీడనం అంకెకు, చలికి, విమానం జారుడుకు, చార్టు గీసినవారు ముందే పంచిపెట్టేసినవి. అందులోంచి అప్పు తీసుకునే అధికారం ఎవరికీ లేదు. ఉక్కు కర్మాగారంలో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. యాభై టన్నులు మోయగలదని రాసిన క్రేను ఇంకొంచెం ఎక్కువే మోస్తుందని అక్కడ అందరికీ తెలుసు. అయినా యాభై దాటి ఎత్తనివ్వరు.

ఈసారి మీ విమానం రన్‌వే దాకా వచ్చి హోరుమంటూ పైకి లేస్తే, ఆలస్యమైందని విసుగు రావడం సహజం. నాగపూర్ నుంచి రైల్లో వచ్చేసరికి పండగ పిండివంటలు చల్లారిపోనూ వచ్చు. ముందు కూర్చున్న ఇద్దరూ గీత దగ్గర ఆగారు కాబట్టే మీరు ఇల్లు చేరగలుగుతున్నారు.